అరవై కేసులు సాధన చేసినా కన్సల్టింగ్ ఇంటర్వ్యూలో ఎందుకు ఆగిపోతున్నారు?

హైదరాబాద్‌లో ఎంబీఏ రెండో ఏడాది చదువుతున్న మీరు అడిగినది క్లుప్తంగా ఇది: వేసవి ఇంటర్న్‌షిప్ ఎంపికల్లో రెండు మేనేజ్‌మెంట్ కన్సల్టింగ్ సంస్థలు మిమ్మల్ని రెండో రౌండ్ దాకా పిలిచి వదిలేశాయి, తుది ప్లేస్‌మెంట్లకు ఇంకా రెండు నెలలే ఉంది, ఇప్పటికే అరవై కేసులు (ఒక కంపెనీ సమస్యను ముందు పెట్టి, అక్కడికక్కడే విప్పమనే ఇంటర్వ్యూ ప్రశ్నలు) సాధన చేశారు, పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదవడమే అడ్డవుతోందా, ఇంకెన్ని కేసులు చేయాలి, ఏ ఫ్రేమ్‌వర్క్, అంటే సమస్యను భాగాలుగా విడదీసే ఏ నమూనా, పట్టుకోవాలి, ఈసారి కూడా కాకపోతే ఏమిటి అన్నది మీ సందేహం. నేను ఈ ఇంటర్వ్యూల్లో ఒకసారి తిరస్కరణ చవిచూశాను, ఏడాదిన్నర తర్వాత ఎంపికయ్యాను, ఆపైన తొమ్మిదేళ్లు అభ్యర్థులను నేనే ఇంటర్వ్యూ చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీకు ఇంగ్లిషు అడ్డు కాదు, కేసుల సంఖ్య కూడా తక్కువేమీ కాదు. నిజానికి అరవై కేసులు చేసినవారిలోనే ఎక్కువగా కనిపించే జబ్బు ఒకటుంది. ప్రశ్న పూర్తిగా చెవిన పడకముందే జవాబు ఏ రూపంలో ఉండాలో వారి మనసులో ఖరారైపోతుంది. ఆ తర్వాత ఎదుటివారు ఏం చెప్పినా అది అప్పటికే గీసుకున్న గళ్లలో ఎక్కడ పడుతుందా అని చూస్తారే తప్ప, ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో తెలుసుకోవాలన్న కుతూహలం వారి ముఖంలో కనిపించదు.

కొన్నేళ్ల కిందట ఉమ్మడి నల్గొండ జిల్లా నుంచి వచ్చిన ఒక అభ్యర్థికి నేను రైస్ మిల్లు కేసు ఇచ్చాను. మిల్లు ఏటా ఆడే వడ్ల టన్నులు తగ్గలేదు, బియ్యం ధర పడిపోలేదు, కరెంటు బిల్లూ కూలీ ఖర్చూ కాస్త పెరిగాయి తప్ప ఖర్చుల్లో పెద్ద మార్పు లేదు, అయినా రెండేళ్లలో లాభం సగమైంది, కారణం కనిపెట్టమన్నాను. అతను ఒక నిమిషం సమయం అడిగి, కాగితం మీద ముచ్చటైన చెట్టు ఒకటి గీశాడు. లాభం అంటే ఆదాయంలోంచి ఖర్చు తీసేయగా మిగిలేది. ఆదాయం అంటే ధర, పరిమాణం. ఖర్చు అంటే స్థిరమైనది, మారేది. ఒకదానిపై ఒకటి పడకుండా, ఏదీ వదలకుండా విడదీయాలన్న నియమాన్ని, అంటే మీరంతా 'మీసీ' అని పిలుచుకునే దాన్ని, అక్షరాలా పాటించాడు. ఆ చెట్టులో లోపం లేదు, కానీ అందులో మిల్లే లేదు. అదే బొమ్మ సిమెంటు ఫ్యాక్టరీకీ సరిపోతుంది, సినిమా హాలుకూ సరిపోతుంది.

నా దగ్గర ఫైల్లో ఒక పట్టిక ఉంది. క్వింటాలు వడ్లు ఆడితే ఎంత గింజ బియ్యం, ఎంత నూక, ఎంత తవుడు, ఎంత ఊక వచ్చాయో వానాకాలానికీ యాసంగికీ విడివిడిగా అందులో రాసి ఉంది. 'వంద కిలోల వడ్లు లోపలికి వెళ్తే బయటికి ఏమేం వస్తాయి?' అని ఒక్కమాట అడిగితే దాన్ని అతని చేతిలో పెట్టేవాడిని. ఇరవై అయిదు నిమిషాల్లో అతను ఆ మాట అడగలేదు. ధర గురించి అడిగాడు, పోటీదారుల గురించి అడిగాడు, చివరికి బ్రాండింగ్ గురించి కూడా అడిగాడు.

ఇంటర్వ్యూ ముగిసి, 'మీరేమైనా అడుగుతారా' అన్నప్పుడు అతను నా యాస గుర్తుపట్టి మా ఊరు అడిగాడు. ఆ మాటల మధ్య, తన మేనమామకు మిర్యాలగూడ దగ్గర మిల్లు ఉందని చెప్పి, తెలుగులోకి దిగి, 'యాసంగి వడ్లను పచ్చిబియ్యం ఆడితే నూక ఎక్కువొస్తది సార్, అందుకే అందరూ బాయిల్డ్ ఆడతరు' అన్నాడు. కేసు జవాబు సరిగ్గా అదే. యాసంగి పంట ఎండలు ముదిరాక కోతకొస్తుంది కాబట్టి గింజ పగుళ్లు పట్టి, మరలో విరిగిపోతుంది. ఉడకబెట్టి ఆరబెట్టి ఆడితే గింజ గట్టిపడి నిలుస్తుంది. నా కేసులోని మిల్లు కొత్త కొనుగోలుదారు కోసం యాసంగి వడ్లను కూడా పచ్చిబియ్యంగానే ఆడడం మొదలుపెట్టింది. టన్నులు తగ్గలేదు, ధర తగ్గలేదు, కానీ ప్రతి క్వింటాలులోనూ గింజ తగ్గి నూక పెరిగింది, నూక ధర గింజ ధర దరిదాపుల్లో కూడా ఉండదు. ప్రభుత్వ వడ్లను కస్టమ్ మిల్లింగ్ కింద ఆడే మిల్లరు క్వింటాలుకు 67 కిలోల పచ్చిబియ్యమో 68 కిలోల బాయిల్డ్ బియ్యమో తిరిగి ఇవ్వాలన్న లెక్క ఆ జిల్లాలో మిల్లు ఉన్న ఇంట్లో పిల్లలకు కూడా తెలుస్తుంది. అతనికీ తెలుసు. అది ఇంటి సంగతి, ఇంటర్వ్యూకు పనికొచ్చేది కాదు అనుకుని గుమ్మం బయటే వదిలి వచ్చాడు.

మిల్లు గురించి తెలియడమే అర్హత అని నేను అనడం లేదు. అదే కేసును ముంబయిలో పెరిగిన ఒక అమ్మాయికి ఇచ్చినప్పుడు ఆమె మొదటి మాటే, 'నేను రైస్ మిల్లు ఎప్పుడూ చూడలేదు, వడ్ల బస్తా లోపలికి వచ్చిన దగ్గర్నుంచి ఏం జరుగుతుందో చెబుతారా' అన్నది. నాలుగు నిమిషాలు చెప్పాను. మధ్యలోనే ఆపి, 'ఈ విరిగిన బియ్యం ఎంతకు అమ్ముతారు' అని అడిగింది. మిగతాది పది నిమిషాల పని. ఆమె గీసిన బొమ్మ అతని బొమ్మంత అందంగా లేదు. ఆమెనే ఎంపిక చేశాము.

నా తిరస్కరణ కథ ఇంకో రకం. ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. నీటి ప్యూరిఫయర్లు తయారుచేసే ఒక కంపెనీ కేసు ఇచ్చారు. ఆ కంపెనీ ఏడాదికి 800 కోట్ల రూపాయల అమ్మకాలు చేస్తుందని మొదటి వాక్యంలోనే చెప్పారు. దేశంలో మొత్తం మార్కెట్ ఎంతో అంచనా వేయమన్నారు. 250 మిలియన్ల ఇళ్లు అనుకో అన్నారు. 2011 జనాభా లెక్కల్లో ఇళ్ల సంఖ్య 24.7 కోట్లు కాబట్టి అది సమంజసమైన సంఖ్యే. నేను దాన్ని కోట్లలోకి మార్చుకునేటప్పుడు 25 కోట్లు అని రాయాల్సిన చోట 2.5 కోట్లు అని రాశాను. పదిశాతం ఇళ్లలో ప్యూరిఫయర్ ఉంటుంది, అయిదేళ్లకు ఒకసారి మారుస్తారు, ఒక్కొక్కటి పదివేల రూపాయలు అనుకుంటూ పోతే 5,000 కోట్లు రావాల్సింది 500 కోట్లు వచ్చింది. ఎదురుగా కూర్చున్నాయన ఎంతో మర్యాదగా, 'ఈ సంఖ్య మీకు సబబుగానే అనిపిస్తోందా' అని అడిగారు. నేను ధైర్యం చూపించాలనుకుని, 'అవును సార్' అన్నాను. ఒక్క కంపెనీ అమ్మకాలే 800 కోట్లు అయితే మొత్తం మార్కెట్ 500 కోట్లు ఎలా అవుతుంది? ఆ సంగతి నాకు మెట్రో స్టేషన్ మెట్లు దిగుతుండగా తట్టింది.

సున్నా తప్పినందుకు నన్ను తిరస్కరించారని చాలాకాలం అనుకున్నాను. తర్వాత అభ్యర్థులకు నేను మార్కులు వేసే స్థితికి వచ్చాక అర్థమైంది, నన్ను బయటికి పంపింది సున్నా కాదు, ఆ 'అవును సార్'. లెక్కలో తప్పు చేసి, 'ఆగండి, ఇది కంపెనీ అమ్మకాల కన్నా తక్కువ ఉంది, ఎక్కడో పొరపాటు చేశాను' అన్నవారికి నేను లెక్క సరిగ్గా చేసినవారితో సమానంగానే మార్కులు వేశాను, కొన్నిసార్లు ఎక్కువే వేశాను. క్లయింటు ముందు తప్పు సంఖ్యను ధీమాగా చెప్పే కుర్రాణ్ని పక్కన పెట్టుకోవడానికి సంస్థను నడిపే ఏ పార్ట్‌నరూ (సీనియర్ భాగస్వామి) ఇష్టపడడు. మిలియన్ అంటే పది లక్షలు, పది మిలియన్లు ఒక కోటి, బిలియన్ అంటే వంద కోట్లు: ఈ మూడింటినీ కాగితం పైమూల రాసుకుని కేసు మొదలుపెట్టడం అప్పటినుంచి నాకు అలవాటైంది. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

గెస్టిమేట్ల, అంటే వివరాలు చేతిలో లేకుండానే ఒక సంఖ్యను అంచనా కట్టమనే ప్రశ్నల విషయంలో మీరు అడగలేదు కానీ, మన క్యాంపస్‌లలో అది తప్పనిసరి కాబట్టి ఒకటి దగ్గరగా చూపిస్తాను. హైదరాబాద్ మెట్రోలో రోజుకు ఎంతమంది ప్రయాణిస్తారు? చాలామంది నగర జనాభాతో మొదలుపెట్టి, వయసు, ఆదాయం అంటూ వడపోసుకుంటూ వస్తారు. ఆ దారిలో ప్రతి అడుగులోనూ గాలిలోంచి ఒక శాతం తీయాల్సి వస్తుంది. నాకు నచ్చిన అభ్యర్థి ఒకరు రైలు వైపు నుంచి వచ్చాడు. మియాపూర్–ఎల్బీనగర్, నాగోల్–రాయదుర్గం లైన్లు పెద్దవి, జేబీఎస్–ఎంజీబీఎస్ చిన్నది. ఉదయం ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా పదిహేడు గంటలు. అందులో రద్దీ గంటలు ఆరు, అప్పుడు అయిదు నిమిషాలకో రైలు. మిగతా పదకొండు గంటలు గంటకు ఎనిమిది రైళ్లు. రెండు దిశలూ కలిపితే పెద్ద లైనులో రద్దీ వేళ 144 ట్రిప్పులు, మిగతా వేళల్లో 176. మూడు బోగీల రైలులో తొమ్మిది వందల మంది పడతారనుకుందాం అన్నాడు. రద్దీ వేళ రైలు నిండుగా ఉంటుంది కదా అని అడిగాను. 'పొద్దున్న రాయదుర్గం వెళ్లేది నిండుతుంది, అటునుంచి వచ్చేది ఖాళీగా వస్తుంది, అందుకే సగటున అరవై శాతం తీసుకుంటాను, మిగతా వేళల్లో ముప్పై శాతం' అన్నాడు.

అలా రద్దీ వేళ దాదాపు 78 వేలు, మిగతా వేళల్లో 47 వేల చిల్లర, కలిపి లక్షా పాతిక వేలు. ఒక చివర నుంచి మరో చివరకు వెళ్లేలోగా జనం దిగుతూ ఎక్కుతూ ఉంటారు కాబట్టి ఒకటిన్నరతో గుణించి, ఒక్కో పెద్ద లైనుకు లక్షా 88 వేలు; రెండింటికీ మూడు లక్షల 76 వేలు; చిన్న లైనుకు పాతిక వేలు వేసుకుని మొత్తం నాలుగు లక్షలు అన్నాడు. అక్కడితో ఆగి ఉంటే బాగానే చేశాడు అనుకునేవాణ్ని. కానీ అతను రెండు పనులు అదనంగా చేశాడు. మొదటిది, 57 స్టేషన్లతో భాగించి, ఒక్కో స్టేషన్‌లో రోజుకు ఏడు వేల మంది, అంటే గంటకు నాలుగు వందల మంది ఎక్కుతున్నారు, అమీర్‌పేటలో ఇంతకు ఎన్నో రెట్లు, చివరి స్టేషన్లలో బాగా తక్కువ ఉంటారు కనుక నమ్మదగ్గదే అని సరిచూసుకున్నాడు. రెండోది, 'అమీర్‌పేటలో లైను మారేవాళ్లను రెండుసార్లు లెక్కపెట్టాను, పదిశాతం మంది అలాంటివారే అనుకుంటే నలభై వేలు తీసేయాలి' అన్నాడు. వాస్తవంలో ఆ సంఖ్య నాలుగున్నర నుంచి అయిదు లక్షల మధ్య ఉంటుంది, అతని జవాబు కొంత తక్కువే వచ్చింది. కానీ తన లెక్కలోని చిల్లును ఎవరూ చూపించకముందే తానే చూపించిన మనిషి విషయంలో, జవాబు ఎంత దగ్గరగా వచ్చిందన్నది నేను పట్టించుకోలేదు.

మెకిన్సీ, బీసీజీ (బోస్టన్ కన్సల్టింగ్ గ్రూప్), బెయిన్ వంటి పెద్ద కన్సల్టింగ్ సంస్థల మధ్య పద్ధతుల తేడా గురించి మీ మిత్రులు మిమ్మల్ని అతిగా భయపెడుతున్నట్టున్నారు. మెకిన్సీలో కేసును ఎక్కువగా ఇంటర్వ్యూ చేసేవారే నడిపిస్తారు, ఒక ప్రశ్న తర్వాత మరొకటి వాళ్లే అడుగుతారు. బీసీజీ, బెయిన్‌లలో ఎటు వెళ్లాలో అభ్యర్థే నిర్ణయించాలి. బీసీజీ 1963లో మొదలైంది, అందులోంచి బయటికొచ్చిన బిల్ బెయిన్ 1973లో సొంత సంస్థ పెట్టారు, కాబట్టి ఆ రెండింటికీ పోలిక ఉండడం నాకు వింతగా తోచదు. ఇంటర్వ్యూకు ముందు కంప్యూటర్ మీద పెట్టే పరీక్షలు, మెకిన్సీ వారి సాల్వ్ ఆట, బీసీజీ వారి కేసీ చాట్‌బాట్ వంటివి, వాటి తీరు రెండుమూడుసార్లు చూసుకుంటే చాలు. పార్ట్‌నర్ రౌండ్‌కు వచ్చేసరికి ఈ తేడాలు చాలావరకు చెరిగిపోతాయి. ఆ వారం తన ప్రాజెక్టులో తల బద్దలు కొట్టుకుంటున్న సమస్యనే ఆయన మీ ముందు పెట్టవచ్చు.

మీరు అస్సలు ప్రస్తావించని భాగం ఒకటుంది, నా అనుమానం మీరు అక్కడే నష్టపోతున్నారని. అది మీ సొంత అనుభవం అడిగే భాగం. మెకిన్సీలో ఒకే సంఘటన మీద పది, పదిహేను నిమిషాలు గుచ్చి గుచ్చి అడుగుతారు. మిగతా చోట్ల 'హెచ్‌ఆర్ ప్రశ్నలు' అని తేలిగ్గా తీసుకుంటారు కానీ, తేలికేమీ కాదు. మన పెంపకంలో 'నేను చేశాను' అనడం గొప్పలు చెప్పుకోవడం. అందుకని మనవాళ్లు 'మేము అనుకున్నాము, టీమ్ అంతా కలిసి చేశాము' అంటూ పోతారు. వినేవారికి మీరు ఆ గదిలో ఉన్నారో లేదో కూడా అర్థం కాదు.

జీడిమెట్లలోని ఒక ఔషధ కర్మాగారంలో రెండేళ్లు పనిచేసి వచ్చిన అభ్యర్థిని ఒకామె చెప్పిన సంఘటన నాకు ఇప్పటికీ గుర్తుంది. ఫిల్టర్లు శుభ్రం చేసే సమయాన్ని షిఫ్టు మారే వేళకు జరిపితే ప్రతిరోజూ నలభై నిమిషాలు ఆదా అవుతాయని ఆమె లెక్కతేల్చింది. షిఫ్టు ఇన్‌చార్జి, 'నువ్వొచ్చి ఆరు నెలలు, నేనొచ్చి ఇరవై ఏళ్లు' అని కొట్టిపారేశాడు. అప్పుడు మీరేం చేశారు అని అడిగాను. పై అధికారి దగ్గరికి వెళ్లలేదట. మూడు రాత్రులు ఆయన షిఫ్టులోనే ఉండి, శుభ్రం చేసేటప్పుడు పక్కన నిలబడి చూసిందట. రెండో రాత్రి ఆయనే, షిఫ్టు మారే వేళ ఇద్దరు హెల్పర్లు ముందుగా బస్సు కోసం వెళ్లిపోతారని, అందుకే ఆ సమయం కుదరదని చెప్పాడట. ఆమె తను ప్రతిపాదించిన వేళను పావుగంట ముందుగానే ఉండేలా మార్చింది, మొదటి వారం లెక్కలన్నీ ఆయన పేరు మీదే పై అధికారికి పంపించింది. ఆమె 'నాయకత్వం' అన్న మాట ఒక్కసారి కూడా వాడలేదు. నేను ఎన్ని ప్రశ్నలు వేసినా ప్రతిదానికీ ఆ రాత్రి ఎవరు ఏమన్నారో చెప్పగలిగింది, ఎందుకంటే అది నిజంగా జరిగింది. మీరూ అలాంటి నాలుగు సంఘటనలు సిద్ధం చేసుకోండి. కాలేజీ ఫెస్ట్ స్పాన్సర్‌షిప్ కథలు ఒక రోజులోనే ఆరేడు వింటాము, దయచేసి వాటిని తప్పించండి.

ఇక ఇంగ్లిషు. నేనూ ప్రభుత్వ పాఠశాలలో తెలుగులోనే చదువుకున్నాను. ఇప్పటికీ గుణకారం చేయాల్సి వస్తే మనసులో ఎక్కాలు తెలుగులోనే నడుస్తాయి, పైకి మాత్రం జవాబు ఇంగ్లిషులో చెబుతాను. లెక్క ఏ భాషలో చేశారని ఎవరూ అడగరు. ఉచ్చారణకు, యాసకు మార్కులు తీసేయడం నేను చూడలేదు. మార్కులు పోయేది పొడవాటి వాక్యం మొదలుపెట్టి మధ్యలో దారి తప్పినప్పుడు. చిన్న వాక్యాలు చెప్పండి, ముందు జవాబు, తర్వాత కారణాలు. కారణాలు మూడుంటే మూడు అని ముందే చెప్పండి. ఆలోచించుకోవడానికి ఒక నిమిషం అడగడం అవమానం కాదు. అడగకుండా మాట్లాడుతూనే ఆలోచించేవారిలో సగంమంది అదే వాక్యాన్ని మూడు రకాలుగా చెబుతారు. మీ రెజ్యూమేలో తెలుగు మాధ్యమం అన్న సంగతి దాచాల్సిన పని కూడా లేదు, దాన్ని ప్రత్యేకంగా చాటాల్సిన పనీ లేదు.

మిగిలిన రెండు నెలల్లో ఇంకో అరవై కేసులు చేయకండి. ఒకే బ్యాచ్‌లోని ఇద్దరు మిత్రులు ఒకే కేస్‌బుక్ (కేసులూ వాటి జవాబులూ ఉన్న పుస్తకం) పట్టుకుని ఒకరినొకరు పరీక్షించుకుంటే, కొంతకాలానికి ఇద్దరికీ జవాబులు తెలిసిన నాటకం అవుతుంది. వారానికి మూడు కేసులు చాలు, అవి కూడా మీకు పరిచయం లేని సీనియర్లతోనో, షార్ట్‌లిస్ట్ వచ్చాక సంస్థలు మీ సాయానికి కేటాయించే బడ్డీలతోనో (ఆ సంస్థ ఉద్యోగులతోనో) చేయండి. మిగిలిన సమయంలో వారానికి ఒక వ్యాపారాన్ని నిజంగా చూసి రండి. మీ హాస్టల్ దగ్గరి టిఫిన్ సెంటర్ యజమానితో మధ్యాహ్నం మూడు గంటలప్పుడు, గిరాకీ లేని వేళ, కూర్చుని అడగండి: ఇడ్లీ మీద మిగులుతుందా దోసె మీద మిగులుతుందా, గ్యాసు సిలిండరు ఎన్ని రోజులు వస్తుంది, వర్షం పడిన రోజు పిండి ఏం చేస్తారు. ఆయన చెప్పే మూడు వాక్యాల్లో ఏ కేస్‌బుక్‌లోనూ లేని వ్యాపారం ఉంటుంది. ఇలాంటివి ఎనిమిది చూస్తే, ఇంటర్వ్యూలో తెలియని పరిశ్రమ ఎదురైనప్పుడు ఏం అడగాలో మీ నోటికి దానంతటదే వస్తుంది.

ఈసారి కూడా కాకపోతే ఏమిటన్నది మీ చివరి ప్రశ్న. తిరస్కరించినప్పుడు కారణం సాధారణంగా చెప్పరు, మళ్లీ దరఖాస్తు చేయడానికి ఏడాది నుంచి రెండేళ్ల వరకు ఆగమంటారు. నేను ఆ వ్యవధిలో ఒక తయారీ సంస్థ కొనుగోళ్ల విభాగంలో పనిచేశాను. రెండోసారి ఇంటర్వ్యూలో నాకు అక్కరకొచ్చినవన్నీ అక్కడ సరఫరాదారులతో బేరాలాడినప్పుడు నేర్చుకున్నవే, చేసిన కొత్త కేసులు పన్నెండుకు మించలేదు.

ప్రస్తుతానికి మాత్రం, వచ్చే కేసు ఎవరితో చేసినా మొదటి మూడు నిమిషాలు ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. ఎదుటివారు చెప్పిన సమస్యను మీ మాటల్లో తిరిగి చెప్పారా, లేక 'దీన్ని రెండు భాగాలుగా చూద్దాం' అంటూ నేరుగా చెట్టు గీయడానికి దిగారా అన్నది చూసుకుని, ఆ రికార్డింగ్‌లో విన్నదేమిటో ఇక్కడ రాయండి. దాన్ని బట్టి మిగతాది మాట్లాడుకుందాం.